గీజరు వేస్తే మెయిన్ పడిపోతోంది: నెల్లిమర్ల ఇళ్ళ కరెంటు కష్టం మీద ఒక సమీక్ష

కార్తీకం దాటి మార్గశిరం వచ్చేసరికి విజయనగరం జిల్లా నెల్లిమర్లలో కరెంటు పని చేసేవాళ్ళకు ఒకటే రకం కబుర్లు మొదలవుతాయి. ‘గీజరు వేశాం, మెయిన్ పడిపోయింది, లేపితే నిలబడడం లేదు.’ మన ఊరి చలి ఇళ్ళను వేడి చేసుకోవాల్సినంత చలి కాదు. లంబసింగిలోనూ అరకులోనూ పది డిగ్రీల లోపుకు దిగే రోజులు మనకు రావు. కాబట్టి ఉత్తరాంధ్రలో ఇంటి వేడి అంటే స్నానాల గదిలో నీళ్ళ వేడే. ఒకప్పుడు పెరట్లో రాగి కాగు కింద పుల్లలు ఎగదోసి కాచుకున్న నీళ్ళు, ఇప్పుడు తలకు రెండడుగుల ఎత్తున గోడకు వేలాడే డబ్బాలో కరెంటుతో కాగుతున్నాయి. నీళ్ళు, ఇనుము, కరెంటు, తడి ఒంటి మనిషి నాలుగడుగుల చోట కలిసే ఏర్పాటు ఇంట్లో ఇంకెక్కడా లేదు. అందుకే ఈ చిన్న ఫిర్యాదును పెద్ద ప్రశ్నగా చూడాలి.

మెయిన్ పడిపోయినప్పుడు ఊళ్ళో ఐదు రకాల మాటలు వినిపిస్తాయి. ట్రిప్పర్ పాడైంది, మార్చేయండి. గీజరు కాయిల్ పోయింది. వైరింగులో ఏదో తేడా ఉంది. లో వోల్టేజీ వల్ల అలా అవుతోంది. ఎర్త్ వైరు తీసేయండి, ఇక పడదు. మొదటి మూడింటిలో ఏదైనా ఒక్కో ఇంట్లో నిజం కావచ్చు. నాలుగోది గీజరు విషయంలో నిలబడే మాట కాదు. ఐదోది ప్రాణం తీసే సలహా. వీటిని ఒక్కొక్కటిగా తూచి చూడడమే ఈ వ్యాసం పని. తూచి చూశాక నాకు గట్టిగా తోచిన సంగతి ముందే చెబుతాను: మెయిన్ పడిపోయే ఇల్లు ఎంతో కొంత రక్షణ ఉన్న ఇల్లు. అదే లోపం ఉండి కూడా మెయిన్ పడని ఇంటి గురించే మనం ఎక్కువ భయపడాలి.

పడింది ఏది?

మొదటి పని మెయిన్ బోర్డు దగ్గర నిలబడి ఏ మీట కిందికి దిగిందో చూడడం. పాత ఇళ్ళలో పింగాణీ కటౌట్లో ఫ్యూజు వైరు ఉంటుంది. తర్వాత కట్టిన ఇళ్ళలో ఎంసీబీలు. ఇంకాస్త జాగ్రత్తపడిన ఇళ్ళలో వాటికి ముందు ఒక ఆర్‌సీసీబీ కూడా ఉంటుంది. పాత అలవాటు కొద్దీ ఎలక్ట్రీషియన్లు దీన్ని ఈఎల్‌సీబీ అని కూడా అంటారు. ఇంట్లోవాళ్ళు అన్నిటినీ ట్రిప్పర్ అనే అంటారు కాబట్టి ఒక గుర్తు పెట్టుకోవాలి: ‘టెస్ట్’ అని గానీ ‘టి’ అక్షరం గానీ రాసిన చిన్న బటన్ ఉన్నదే ఆర్‌సీసీబీ.

ఈ రెండింటి పనీ వేరు. ఎంసీబీ వైరును కాపాడుతుంది. దాని లోపల రెండు లోహాలు అతికించిన ఒక రేకు ఉంటుంది. మోయాల్సిన దానికన్నా ఎక్కువ కరెంటు కాసేపు పారితే ఆ రేకు వేడెక్కి వంగి మీటను దించుతుంది. షార్టు సర్క్యూటు వంటి పెద్ద కరెంటు ఒక్కసారిగా వస్తే పక్కనున్న అయస్కాంతపు చుట్ట రెప్పపాటులో లాగేస్తుంది. ఇళ్ళలో ఎక్కువగా వాడే ‘సి’ రకం ఎంసీబీ వెంటనే పడాలంటే దాని మీద రాసిన అంకెకు ఐదు నుంచి పది రెట్ల కరెంటు పారాలి.

ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. ఫేజులో వెళ్ళిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని అది క్షణక్షణం సరిచూస్తుంది. తేడా వచ్చిందంటే ఆ తేడా ఎర్త్ వైరులోకో, గోడలోకో, మనిషి ఒంట్లోంచి నేలలోకో పోతున్నట్టే. ఇళ్ళకు వాడేది 30 మిల్లీ ఆంపియర్లది. 30 వచ్చేసరికి అది తప్పకుండా పడాలి. 15 దాటాక ఎప్పుడైనా పడొచ్చు. 30 దగ్గర సెకనులో మూడో వంతు కూడా పట్టకూడదు. దానికి ఐదు రెట్లు లీకైతే సెకనులో ఇరవై ఐదో వంతులో తెగిపోవాలి.

దీన్నిబట్టి సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఎంసీబీ పడితే షార్టో, మోతకు మించిన వాడకమో, వదులైన బిగింపో వెతకాలి. ఆర్‌సీసీబీ పడితే లీకు వెతకాలి. ఈ తేడా చూడకుండా గీజరు విప్పడం మొదలుపెట్టిన చోట గంటల పని, డబ్బు రెండూ వృథా అవుతాయి.

ఎప్పుడు పడింది?

రెండో ప్రశ్న సమయం గురించి. స్విచ్చి వేసిన క్షణంలోనే ఎంసీబీ పడితే గీజరు లోపలో, ప్లగ్గులోనో ఫేజు, న్యూట్రల్ కలిసిపోయి ఉండాలి. పది నిమిషాలు పనిచేశాక పడితే వేరే సంగతి. రెండు కిలోవాట్ల స్టోరేజి గీజరు 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. మూడు కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు 13 ఆంపియర్లు. దాన్ని తెచ్చి 10 ఆంపియర్ల ఎంసీబీ మీద వేస్తే కాసేపటికి పడిపోవచ్చు. భోగి నాడు తెల్లవారుజామున తలంట్ల హడావిడిలో ఒకే సర్క్యూటు మీద గీజరు, ఇస్త్రీపెట్టె, నీళ్ళ మోటారు కలిసినా అంతే.

సరైన ఎంసీబీ ఉండి కూడా ఆలస్యంగా పడుతుంటే వదులైన స్క్రూను అనుమానించాలి. ప్లగ్గు దగ్గర బిగింపు వదులై అక్కడ అర ఓము నిరోధం చేరిందనుకుందాం. 8.7 ఆంపియర్లు పారుతుంటే ఆ ఒక్క చోటే దాదాపు 38 వాట్ల వేడి పుడుతుంది. తగరాన్ని కరిగించే సోల్డరింగ్ ఐరన్ పాతిక వాట్లది. అంతకన్నా వేడి వస్తువును ప్లాస్టిక్ సాకెట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టే లెక్క. సాకెట్ పసుపు తిరగడం, కాలిన వాసన, ప్లగ్గు పిన్ను నల్లబడడం కనిపిస్తే ఆ సాకెట్, ప్లగ్గు రెండూ మార్చాలి. బిగించి వదిలేస్తే మళ్ళీ వదులవుతుంది. ఎంసీబీ స్క్రూ వదులైనా ఇదే వేడి లోపలి రేకును వంచుతుంది, మీట కారణం లేకుండా పడిపోతున్నట్టు కనిపిస్తుంది. ‘ట్రిప్పర్ పాడైంది’ అనే మాట నిజమయ్యే సందర్భం ఎక్కువగా ఇదే.

ఆర్‌సీసీబీకి మూడు రకాల సమయాలున్నాయి. వేసిన వెంటనే పడితే కాయిల్లో పెద్ద లీకు ఉండొచ్చు. నీళ్ళు కాగుతుండగా పడితే కాయిల్ తొడుగులో సన్నటి పగులు వేడికి తెరుచుకుంటూ ఉండొచ్చు, లేదా ట్యాంకు కారి చుక్క చుక్కగా టెర్మినళ్ళ మీద పడుతూ ఉండొచ్చు. మూడోది చిత్రమైనది: గీజరు స్విచ్చి ఆపి ఉండగానే పడడం.

ఈ మూడో రకాన్ని మా వీధిలో ఒక ఇంట్లో దగ్గరగా చూశాను. ఫ్రిజ్జు మోటారు ఆడిన ప్రతిసారీ మెయిన్ పడుతోంది. ఇంటావిడ ఫ్రిజ్జు మార్చడానికి సిద్ధపడ్డారు. వచ్చిన ఎలక్ట్రీషియన్ కుర్రాడు ఫ్రిజ్జును ముట్టుకోలేదు. “ఫ్రిజ్జు జోలికెల్లకండమ్మా, ముందు గీజరు వైర్లు రెండూ ఇప్పి సూద్దాం” అన్నాడు. మెయిన్ దించి, టెస్టరుతో కరెంటు లేదని చూసుకుని, గీజరు ఫేజు, న్యూట్రల్ రెండూ విప్పి విడివిడిగా టేపు చుట్టి మెయిన్ లేపాడు. ఫ్రిజ్జు నిక్షేపంగా ఆడింది. స్నానాల గది స్విచ్చి ఫేజును మాత్రమే తెంపుతుంది. న్యూట్రల్ కాయిల్‌కు అంటుకునే ఉంటుంది. కాయిల్ తొడుగు పగిలి న్యూట్రల్ వైపు ఎర్త్‌ను తాకితే, ఇంట్లో ఏ వస్తువు ఆడినా దాని తిరుగు కరెంటులో కొంత గీజరు దారిన నేలలోకి పోతుంది. ఆర్‌సీసీబీ ఆ తేడాను పట్టుకుంటుంది. నేరం గీజరుది, నింద ఫ్రిజ్జుది. గీజరుకు ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకేసారి తెంపే డీపీ స్విచ్చి పెట్టాలనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కాయిల్ సంగతి

గీజరు కాయిల్‌ను విప్పి చూస్తే బయట రాగిదో, నికెల్ కలిసిన మిశ్రలోహానిదో గొట్టం, మధ్యలో నిక్రోమ్ తీగ చుట్ట, ఈ రెండింటి నడుమ గట్టిగా దట్టించిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటాయి. ఆ పొడి గొప్పతనం ఏమిటంటే వేడిని పోనిస్తుంది, కరెంటును పోనివ్వదు. దాని బలహీనత తేమ. ఫిబ్రవరిలో ఆపేసిన గీజరు నవంబరు దాకా వాడకుండా ఉంటే, వానాకాలమంతా గాలిలోని తేమ కాయిల్ చివర్ల గుండా లోపలికి చేరుతుంది. సముద్రానికి పెద్ద దూరం లేని మన ప్రాంతంలో ఈ తేమకు కొదవ లేదు. అందుకే చలికాలం మొదటి రోజున వేయగానే మెయిన్ పడే ఇళ్ళు ఎక్కువ. కాయిల్ బాగానే ఉండి కేవలం తేమ పట్టిందైతే, తెలిసినవాడు దాన్ని బయటకు తీసి ఆరబెట్టి మళ్ళీ కొలిస్తే సరిపోవచ్చు. ఆరాక కూడా లీకు చూపిస్తే అది పగులే, మార్చక తప్పదు.

కొలతలు తెలిస్తే ఊహలతో పని లేదు. రెండు కిలోవాట్ల కాయిల్ రెండు కొసల మధ్య మల్టీమీటరు సుమారు 26 ఓములు చూపాలి. మూడు కిలోవాట్లదైతే 17, 18 ఓములు. అసలేమీ చూపకపోతే తీగ తెగిందని అర్థం. అప్పుడు నీళ్ళు కాగవు గానీ మెయిన్ పడదు. కొసకూ గొట్టానికీ మధ్య మాత్రం మీటరు ఏమీ చూపకూడదు. అక్కడ పది వేల ఓములు చూపిందంటే 23 మిల్లీ ఆంపియర్ల లీకు, అంటే ఆర్‌సీసీబీ పడే హద్దులోకి వచ్చినట్టే. అయితే మామూలు మీటరు చిన్న బ్యాటరీతో కొలుస్తుంది. ఆ కొద్ది వోల్టేజీకి బయటపడని లీకు 230 వోల్టుల దగ్గర బయటపడొచ్చు. 500 వోల్టులతో కొలిచే మెగ్గర్ పెట్టి, కనీసం పది లక్షల ఓములు ఉందో లేదో చూడడమే సరైన పద్ధతి. మల్టీమీటరుతో ‘కాయిల్ బాగుంది’ అని తేల్చేసిన చోట మళ్ళీ మెయిన్ పడడానికి కారణం ఇదే.

కాయిల్ పగలడానికి ముఖ్య కారణం మన నీళ్ళు. చంపావతి ఏటి నీళ్ళు కుళాయిలో వచ్చే ఇళ్ళున్నాయి, బోరు మీదే బతికే ఇళ్ళున్నాయి. తాగునీటికి భారత ప్రమాణం చెప్పే కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే దారి లేని చోట 600 దాకా ఒప్పుకుంటుంది. అలాంటి కాఠిన్యం ఉన్న నీళ్ళు కాగినప్పుడల్లా కాల్షియం కార్బొనేట్ తెల్లటి పెచ్చుగా కాయిల్‌కు పట్టుకుంటుంది. పెచ్చు మందమయ్యే కొద్దీ వేడి నీళ్ళలోకి పోలేక లోపలే నిలుస్తుంది. గొట్టం మాడి పగులుతుంది. నీళ్ళు కాగడానికి మునుపటికన్నా ఎక్కువసేపు పడుతోందంటే అది పెచ్చు కట్టిన సూచన. లెక్క ప్రకారం 15 లీటర్ల నీళ్ళు 22 డిగ్రీల నుంచి 55కు చేరడానికి రెండు కిలోవాట్ల గీజరుకు పదిహేడు పద్దెనిమిది నిమిషాలు చాలు. అరగంట దాటుతుంటే విప్పించి కడిగించాలి. ట్యాంకును తుప్పు నుంచి కాచే మెగ్నీషియం కడ్డీ కూడా అప్పుడే చూడాలి. అది కరిగిపోతే తుప్పు ట్యాంకు మీద పడుతుంది. ట్యాంకు కారితే తడి టెర్మినళ్ళ దాకా వస్తుంది.

వైరింగు, న్యూట్రల్

గీజరు రెండు వైర్లూ విప్పినా ఆర్‌సీసీబీ పడుతుంటే లోపం గోడలో ఉందన్నమాట. వానకు తడిసే జంక్షన్ బాక్సు, మేకు దిగిన కన్సీల్డ్ పైపు, ఎలుక కొరికిన వైరు మామూలుగా దొరికే నేరస్థులు. ఇన్వర్టర్ పెట్టిన ఇళ్ళలో ఇంకో తిరకాసు ఉంది. ఆర్‌సీసీబీ దాటిన న్యూట్రల్‌ను, దాని ముందరి న్యూట్రల్‌ను ఎక్కడో ఒక స్విచ్చిబోర్డులో కలిపేస్తారు. ఒక దారిన వెళ్ళిన కరెంటు ఇంకో దారిన తిరిగొస్తుంది. లీకు లేకపోయినా ఆర్‌సీసీబీకి తేడా కనిపిస్తుంది, పడుతుంది. కొత్తగా ఇన్వర్టర్ పెట్టించాక మొదలైన బాధైతే ముందు దీన్నే చూడాలి.

ఇంటి మొత్తానికి ఒకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే ఇంకో సంగతి గమనించాలి. వాషింగ్ మెషీను, కంప్యూటరు వంటివి బాగున్నప్పుడు కూడా కొద్ది కొద్దిగా లీకవుతాయి. అవన్నీ కలిసి ఎనిమిది మిల్లీ ఆంపియర్లు ఉంటే, గీజరు పది చేర్చగానే మీట పడొచ్చు. ఇందుకు మందు స్నానాల గదులకు వేరే ఆర్‌సీసీబీ పెట్టడం. కొట్లో కొందరు ‘ఇది పడదు’ అని 100 మిల్లీ ఆంపియర్లది అంటగడతారు. అది అగ్నిప్రమాదం ఆపడానికి మెయిన్ మీద పెట్టేది. ప్రాణానికి 30 కన్నా పెద్ద అంకె పనికిరాదు.

వైరు మందం విషయంలో రాజీ లేదు. రెండు కిలోవాట్ల గీజరుకు మెయిన్ బోర్డు నుంచి వేరుగా లాగిన 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, మూడు కిలోవాట్లదానికి 4, రెండింటికీ 16 ఆంపియర్ల మూడు పిన్నుల సాకెట్ కావాలి. లైట్ల కోసం లాగిన వైరు మీద గీజరు వేసి, ఎంసీబీ పడుతోందని 16 తీసి 32 పెట్టడం చాలా ఇళ్ళలో జరిగే పని. పాత ఫ్యూజులో లావు రాగి పోగులు చుట్టడం కూడా ఇలాంటిదే. అప్పుడు పడాల్సింది పడదు, గోడలో వైరు కాలుతుంది.

ఎర్త్: అసలు కీలకం

ఇప్పుడు ఈ ప్రశ్న మొత్తానికీ మూలమైన చోటికి వస్తాం. మన ఊళ్ళలో చాలా ఇళ్ళకు సొంతంగా తవ్వుకున్న ఎర్త్ గుంటే దిక్కు. బొగ్గు, ఉప్పు వేసి పాతిన జీఐ పైపే ఆ ఇంటి ఎర్త్. విజయనగరం జిల్లాలో ఎర్రనేలలు ఎక్కువ. ఏటి దగ్గర ఇసుక నేల. రెండూ వేసవిలో ఎండిపోతే కరెంటును సరిగా పోనివ్వవు. ఇల్లు కట్టిన రోజు పాతి, పైన సిమెంటు చేసి మరిచిపోయిన ఎర్త్ నిరోధం ఏటేటా పెరుగుతూ పోతుంది.

ఎర్త్ నిరోధం 20 ఓములు ఉందనుకోండి. గీజరు లోపల ఫేజు నేరుగా డబ్బాకు తగిలినా పారే కరెంటు 230ని 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు వాడకంతో సమానం, కదలదు. డబ్బా మీద రెండు వందల వోల్టుల దాకా నిలిచి ఉంటుంది. ఇంట్లో ఎంసీబీలున్నాయి, భయం లేదనుకునే ప్రతి కుటుంబమూ ఈ భాగాహారం ఒకసారి చేసుకోవాలి. అదే ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే ఫేజు తగిలిన క్షణంలోనే తెగిపోతుంది. ఎర్త్ వెయ్యి ఓములున్న అధ్వాన్నపు ఇంట్లో కూడా డబ్బా మీద 30 వోల్టులకు మించి నిలవనివ్వదు.

ఎర్త్‌ను పరీక్షించే పద్ధతిలోనూ పొరపాటుంది. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య నూరు వాట్ల బల్బు వెలిగించి ‘ఎర్త్ బ్రహ్మాండంగా ఉంది’ అంటారు. ఆ బల్బు నిరోధమే 529 ఓములు. ఎర్త్ 50 ఓములున్నా బల్బుకు 210 వోల్టులు అందుతాయి, కంటికి తేడా తెలియదు. ఆ 50 ఓములతో ఏ ఎంసీబీ కూడా పడదు. రెండు మేకులు పాతి కొలిచే ఎర్త్ టెస్టరు ఒక్కటే నమ్మదగ్గది. ఇంట్లోవాళ్ళు బల్బు పరీక్ష జోలికి అసలు పోకూడదు.

ఒకప్పుడు స్నానాల గదులకు జీఐ పైపులుండేవి. గీజరు ఎర్త్ సరిగా లేకపోయినా ఆ ఇనప పైపులే కొంత ఎర్త్‌గా పనిచేసేవి. ఇప్పుడు అన్నీ సీపీవీసీ పైపులు. ఆ చాటు రక్షణ పోయింది. షవరు కింద నీళ్ళు చిమచిమలాడుతున్నాయని, ట్యాప్ ముట్టుకుంటే జుమ్మంటోందని చెబుతున్న ఇళ్ళు ఇలాంటివే. ఆ ఇంట్లో మెయిన్ పడడం లేదు, ఎవరికీ అనుమానం లేదు. లీకైన కరెంటుకు దారి దొరకక మనిషి కోసం కాచుకుని ఉంది. తడి ఒంటి నిరోధం సుమారు వెయ్యి ఓములనుకుంటే పారేది 230 మిల్లీ ఆంపియర్లు. గుండె ఆగడానికి అందులో సగం కూడా అక్కర్లేదు.

‘ఎర్త్ వైరు తీసేస్తే పడదు’ అన్న సలహా ఎంత ఘోరమో ఇప్పుడు అర్థమవుతుంది. తీసేస్తే నిజంగానే పడదు. లీకు మాత్రం అలాగే ఉంటుంది, డబ్బాను తాకిన చెయ్యే దానికి ఎర్త్ అవుతుంది. దీనికి తోడు సాకెట్లో న్యూట్రల్ నుంచి చిన్న ముక్క వైరు లాగి ఎర్త్ పిన్నుకు కలిపే పద్ధతి ఒకటుంది. అప్పుడు లీకైన కరెంటు న్యూట్రల్ గుండానే తిరిగొస్తుంది కాబట్టి ఆర్‌సీసీబీకి తేడా కనబడదు. పైగా ఎక్కడైనా న్యూట్రల్ తెగిందా, గీజరు డబ్బా మొత్తం ఫేజవుతుంది.

లైను మీద నింద

న్యూట్రల్ తెగడం మనకు కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఉత్తరాంధ్ర స్తంభాలనూ తీగలనూ నేలకూల్చాయి. తుపాను వెళ్ళాక లైన్లు హడావిడిగా కలుపుతారు. స్తంభం మీద న్యూట్రల్ వదులైతే ఒక ఇంట్లో బల్బులు మసకబారి పక్కింట్లో ధగధగలాడతాయి. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ తెగితే కొన్ని ఇళ్ళకు 300 వోల్టులు దాటి రావచ్చు. అలా కనిపిస్తే మెయిన్ దించి 1912కు ఫోను చేయాలి. స్తంభం పని విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ సిబ్బందిదే, మనది కాదు.

లో వోల్టేజీ వల్ల గీజరు మెయిన్ పడేస్తుందనే మాటను మాత్రం వదిలేయాలి. నీళ్ళ మోటారు తక్కువ వోల్టేజీకి ఎక్కువ కరెంటు లాగుతుంది, అందుకే ఈ నమ్మకం పుట్టి ఉంటుంది. గీజరు అలా కాదు. 190 వోల్టుల దగ్గర రెండు కిలోవాట్ల కాయిల్ 1365 వాట్లకు పడిపోతుంది, కరెంటు కూడా తగ్గుతుంది. నీళ్ళు నెమ్మదిగా కాగుతాయి, అంతే. తప్పు లైను మీదకు నెట్టేస్తే కాయిల్లోని పగులు అలాగే మిగిలిపోతుంది.

రాడ్డు, గ్యాసు, సోలారు

మెయిన్ పడుతోందని గీజరు మానేసి బకెట్లో రాడ్డు వేసుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. అది మేలు కాదు. చవక రాడ్డులో వేడిని ఆపే థర్మోస్టాట్ ఉండదు, కొన్నిటికి ఎర్త్ పిన్ను కూడా ఉండదు. కాగాయో లేదో చూడడానికి ప్లగ్గు తీయకుండా చెయ్యి పెట్టినవాళ్ళ కబుర్లు ప్రతి చలికాలం పేపర్లలో చదువుతూనే ఉన్నాం. రాడ్డు తప్పనిసరైతే ఐఎస్ఐ గుర్తు, మూడు పిన్నుల ప్లగ్గు, ప్లాస్టిక్ బకెట్, ఆర్‌సీసీబీ ఉన్న సాకెట్ ఉండాలి. ప్లగ్గు చేతిలోకి వచ్చాకే నీళ్ళు ముట్టాలి. గ్యాసు గీజరుకు మెయిన్ పడే బాధ లేదు గానీ, గాలి ఆడని స్నానాల గదిలో దాని కార్బన్ మోనాక్సైడ్ నిశ్శబ్దంగా చంపుతుంది. సోలారు మంచిదే. అందులో కూడా మబ్బు రోజుల కోసం కరెంటు కాయిల్ ఉంటుంది కనుక పై జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి.

బయటి దేశాలు, మన నిబంధనలు

ఈ మిల్లీ ఆంపియర్ల హద్దులు ఊరికే రాలేదు. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్జీల్ వాలంటీర్ల మీద ప్రయోగాలు చేసి, ఎంత కరెంటు దాటితే మనిషి పట్టుకున్న తీగను వదల్లేడో కొలిచాడు. మగవాళ్ళకు సగటున 16, ఆడవాళ్ళకు పదిన్నర మిల్లీ ఆంపియర్లని తేల్చాడు. 1960ల తొలినాళ్ళలో సున్నితమైన లీకు కటౌట్ తయారు చేసినవాడూ ఆయనే. అమెరికా స్నానాల గదుల్లో సాకెట్లకు 1975 నుంచి ఇది తప్పనిసరి. అక్కడ హద్దు 5 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఉంటుంది. బ్రిటన్‌లో 2008 నాటి వైరింగు నిబంధనలు స్నానాల గది సర్క్యూట్లన్నిటికీ 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ కోరాయి. అక్కడున్న మనవాళ్ళ ఇళ్ళలో వేడినీళ్ళ సిలిండరులోని మూడు కిలోవాట్ల కాయిల్ పగిలినా మెయిన్ పడొచ్చు. లోపం అదే. అక్కడ ఆ రక్షణ మామూలు, మన దగ్గర అది ఇల్లు కట్టించినవాళ్ళ దయ.

మన దేశంలో నిబంధనలు లేక కాదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనలు, వాటి స్థానంలో 2023లో వచ్చినవి కూడా లీకు కరెంటును తెంపే పరికరం గురించి చెబుతున్నాయి. ఎర్తింగుకు భారత ప్రమాణం 3043 ఉంది, ఇంటి వైరింగుకు 732, స్టోరేజి గీజరుకు 2082 ఉన్నాయి. అయినా జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల్లో ఇటీవలి ఏళ్ళలో కరెంటు షాకుతో పోయినవారు ఏటా పన్నెండు వేలకు పైనే. పుస్తకంలోని నిబంధనకూ స్నానాల గది గోడకూ మధ్య ఎక్కడో తీగ తెగింది.

ఏం చేయాలి?

ఇంట్లోవాళ్ళు చేయగలిగింది తక్కువే గానీ విలువైనది. ఏ మీట పడింది, ఎప్పుడు పడింది, అప్పుడు ఇంకేం నడుస్తున్నాయి అన్నది కాగితం మీద రాసిపెట్టి ఎలక్ట్రీషియన్‌కు చెప్పాలి. పడిన మీటను పదే పదే లేపకూడదు. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ మూడు నెలలకోసారైనా నొక్కి చూడాలి. నొక్కినా పడకపోతే దాన్ని మార్చాలి. పడినంత మాత్రాన ఎర్త్ బాగుందని కాదు, ఆ బటన్‌కు ఎర్త్‌తో పని లేదు. వేసవిలో ఎర్త్ గుంటలో నీళ్ళు పోయాలి. గీజరు స్విచ్చి ఆపాకే స్నానానికి వెళ్ళాలి.

ఎలక్ట్రీషియన్ తమ్ముళ్ళకు ఒక విన్నపం. టెస్టరు, బల్బు సరిపోవు. మెగ్గర్, ఎర్త్ టెస్టరు కొనుక్కోండి, ఒంటరిగా భారమైతే నలుగురు కలిసి కొనుక్కోండి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివే పిల్లల చేత ఊళ్ళో ఇళ్ళ ఎర్త్ కొలిపించే పని పెడితే వాళ్ళకు చదువూ అవుతుంది, ఊరికి మేలూ అవుతుంది. నెల్లిమర్ల నగర పంచాయతీ ఇంటి ప్లాను మంజూరు చేసేటప్పుడు, ఈపీడీసీఎల్ కొత్త కనెక్షను ఇచ్చేటప్పుడు ఎర్త్ ఎన్ని ఓములుందో, ఆర్‌సీసీబీ ఉందో లేదో కళ్ళారా చూసి రాసుకుంటే చాలు, సగం ఇళ్ళు మారిపోతాయి. పాత జూటుమిల్లు కార్మికుల ఇళ్ళలో, అద్దె గదుల్లో ఉండేవాళ్ళకు ఆ స్తోమత లేదు. అక్కడ యజమానుల మీద ఆ బాధ్యత పెట్టాలి.

గీజరు కొనేటప్పుడు ఎన్ని లీటర్లు, ఎన్ని స్టార్లు, ఎన్నేళ్ళ వారంటీ అని అడుగుతున్నాం. బిగించడానికి వచ్చిన మనిషిని మా ఎర్త్ ఎన్ని ఓములుందో కొలిచి చెప్పు, ఆ తర్వాతే బిగించు అని కూడా అడగాలి. ఆ ఒక్క కొలత తీసిన ఇంట్లో, ఆర్‌సీసీబీ కూడా ఉంటే, మెయిన్ పడిన రోజు కాయిల్ ఖర్చుతో పోతుంది. తీయని ఇంట్లో మెయిన్ పడకపోవచ్చు, అప్పుడు ఆ ఖర్చు ఎవరు కట్టాల్సి వస్తుందో ముందుగా చెప్పలేం.